కథ ఎక్కడానికి ఆరు గంటలు

మా వారు డయాలిసిస్ బెడ్ మీద నాలుగు గంటలు పడుకోవాలి. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున్నే. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి, ఒక గొట్టంలోంచి రక్తం బయటికి తీసి, మిషన్‌లో కడిగి, ఇంకో గొట్టంలోంచి మళ్ళీ లోపలికి పంపిస్తారు. అంతసేపూ ఆ చెయ్యి కదపకూడదు. నాలుగు గంటలూ పూర్తి కాకుండా లేచిపోతూ ఉంటే నీరు ఒంట్లోనే ఉండిపోతుంది, అది ఊపిరితిత్తుల్లోకి చేరితే మనిషి దక్కడు అని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. ఏదీ దాచకుండా చెప్పినందుకు ఆయనకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఆయన చెప్పడం చెప్పారు గానీ, పడుకోవలసింది మా వారు. రెండో గంట దాటాక పిక్కలు పట్టేస్తాయి. బీపీ పడిపోతుంది. పక్క బెడ్ మిషన్ కూతపెడుతుంది. గోడ గడియారం ఎదురుగా ఉంటుంది. అది చూడ్డం మొదలుపెట్టిన మనిషి ఇంక పడుకోలేడు.

ఆయన్ని అన్నాళ్ళు ఆ బెడ్ మీద పడుకోబెట్టింది నా బతిమాలుడు కాదు, హరికథ.

మా అత్తగారి వూరు కూచిపూడికి దగ్గర్లో ఒక పల్లె. మాది నేతగాళ్ళ వీధి. శ్రీరామనవమికి వీధిలో పందిరి వేసి, తొమ్మిది రోజులూ హరికథ చెప్పించేవాళ్ళు. ఏటా ఒకే దాసుగారు వచ్చేవారు. మా మామగారు పందిరి పెద్ద. ఆయన ఒక టేప్ రికార్డరు కొని, పందిరి గుంజకి తువ్వాలుతో కట్టి, కథంతా ఎక్కించేవారు. నేను కొత్త కోడలిగా వెళ్ళిన ఏడాది కేసెట్టు తిప్పి పెట్టే పని నాది. దాసుగారు చిడతలు ఆపి మంచినీళ్ళు తాగేటప్పుడు మామగారు మైకు అందుకుని చదివింపులు చదివేవారు. ఫలానా వారు నూటపదహార్లు, ఫలానా వారు దాసుగారికి పంచెల చాపు, వారిని రాములవారు చల్లగా చూడాలి, అని. ఆ గొంతు కూడా కేసెట్లలో ఉండిపోయింది.

ఇక్కడ మా వాళ్ళ పట్టింపు ఒకటి చెప్పాలి. హరికథకి కూర్చున్నవాడు మంగళం పాడేదాకా లేవకూడదు. మంగళం పాడి హారతి ఇచ్చాక ఇంక కూర్చోకూడదు. పసిపిల్ల తల్లయినా సరే, హారతి కళ్ళకద్దుకునే లేవాలి. ఎందుకని మేము అడిగింది లేదు, మాకు చెప్పిందీ లేదు. మా వారు ఆ పందిట్లో పుట్టి పెరిగిన మనిషి. అగ్గిపెట్టంత ప్లేయర్ ఒకటి చొక్కా జేబులో వేసుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని కథ మొదలుపెడితే, ఆయనకి అది డయాలిసిస్ సెంటర్ కాదు, పందిరి. కథ నాలుగు గంటల పైన ఉండేది. సిస్టరమ్మాయిలు వచ్చి, "బాబాయిగారూ, టైమయిపోయింది, సూదులు తీసేస్తాం" అంటే, "ఉండమ్మా, హారతి అవనీ" అనేవారు. అట్లాంటి రోజులు భగవంతుడు మాకు చాలానే ఇచ్చాడు.

ఫోన్‌లో వినొచ్చు కదండీ అని అడిగేవాళ్ళుంటారు. షుగరు వల్ల ఆయన చూపు మసక. అద్దంలాంటి ఫోను మీద ఎక్కడ నొక్కాలో వేలికి తెలీదు. ఒకసారి కథ వింటూ వింటూ తడిమితే మా వియ్యాలవారికి వీడియో కాల్ వెళ్ళిపోయింది. వాళ్ళు ఆ మిషనూ, ఎర్రటి గొట్టాలూ చూసి, పాపం, ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసేశారు. ప్లేయర్‌కైతే నిజం బటన్లుంటాయి. బొటనవేలు వాటిని కళ్ళు మూసుకుని వెతుక్కుంటుంది.

ఆ ప్లేయర్ మొన్న ఎండల్లో ఉబ్బిపోయి చచ్చిపోయింది. లోపల బ్యాటరీ పొంగిందన్నారు. ఆ తరవాతి సోమవారం ఆయన మూడు గంటలకే లేచారు. బుధవారం రెండున్నర. మన ఇష్టప్రకారమే వెళ్తున్నామని కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆయనకి చూపు ఆనదు గనక ఆ సంతకం నేను పెట్టేదాన్ని.

"పాటలు పెట్టుకోండి పోనీ," అన్నాను.

"పాట అయిపోతుందే. అయిపోగానే గడియారం కనపడుతుంది. మళ్ళీ ఇంకోటి. మళ్ళీ గడియారం. కథకి అట్లా కాదుగా, మనల్ని పట్టుకుంటుంది."

మా మరిదికి ఫోన్ చేశాను. అతనికి కొండపల్లి దగ్గర థర్మల్‌లో షిఫ్టు డ్యూటీ. మామగారు పోయాక ఆ కేసెట్లన్నీ తన కంప్యూటర్‌లోకి ఎక్కించింది అతనే. పాత ప్లేయర్ నింపి ఇచ్చిందీ అతనే. ఎంతసేపు పట్టిందో మేము ఏనాడూ అడగలేదు. ఆ కంప్యూటర్ ఇప్పుడు లేదు గానీ, కథలన్నీ హార్డ్ డిస్కు అనే ఒక నల్ల డబ్బాలో భద్రంగా ఉన్నాయి. రెండో రోజే కొత్త ప్లేయరూ, నల్ల డబ్బా పట్టుకుని వచ్చి, మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన పాత లాప్‌టాప్‌కి రెండూ తగిలించాడు. కథలన్నీ ఒకేసారి పట్టి ప్లేయర్‌లోకి వేశాడు.

"ఇంక చూసుకో వదినా. పచ్చగీత చివరిదాకా వెళ్తే అయిపోయినట్టు. అప్పుడు తీగ పీకు," అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు. అది ఆదివారం. సోమవారానికి కథ కావాలి.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్నగారు మగ్గం గుంటలో కూర్చుని నాడె ఆడిస్తూ, పక్కన నేల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించారు. తెలుగు ఎంతైనా చదువుతాను. ఇంగ్లీషు అక్షరాలు పిల్లల హోంవర్కుల దగ్గర కూర్చుని కూడబలుక్కున్నాను. ఆ అక్షరాలు ఆ వేళ నాకు అక్కరకొచ్చాయి. ఇద్దరు గురువులకీ, అంటే మా నాన్నగారికీ, మా అమ్మాయికీ, ఆ లాప్‌టాప్ ముందే దణ్ణం పెట్టుకున్నాను.

గంట తరవాత మరిది ఫోను. స్పీకర్లో పెట్టాను.

"వదినా, ఎంత వచ్చింది?"

"పచ్చగీత గడప కూడా దాటలేదయ్యా."

"కింద ఏదో అంకె ఉంటుంది చూడు."

"ఇరవై ఆరు. పక్కన హెచ్, ఓ, యు..."

"గంటలా! ఇరవై ఆరు గంటలా? సరిగ్గా చూశావా?"

"చూశా. ఉండు, ఇప్పుడు మారింది. ముప్పై ఒకటి."

"అదేంటి, తగ్గాలి గానీ పెరుగుతుందా?"

మంచం మీంచి మా వారు అందుకున్నారు. "నా క్రియాటినిన్ కూడా అంతేరా. మందేస్తే పెరుగుతుంది."

మరిది నవ్వలేదు. "ఆపెయ్ వదినా. అన్నీ వద్దు, రేపటికి ఒక్క కథ ఎక్కిద్దాం. మూల మీద ఇంటూ గుర్తు ఉంటుంది, అది నొక్కు."

నేను నొక్కలేదు. "మధ్యలో ఆపితే ఎట్లాగయ్యా? కథ జరుగుతోందిగా."

"అది కథ కాదు తల్లీ, ఫైలు. అక్కడ దాసుగారేం నిలబడి లేరు."

"ఫోన్ నాకివ్వవే," అన్నారు మా వారు. "ఏరా, మంగళం పాడకుండా దాసుగారిని దింపేస్తావా? నాన్న ఉంటే నీ వీపు చిట్లగొట్టేవాడు."

"సరే, మీ మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పందిట్లో కూర్చోండి. నాకిక్కడ బాయిలర్ ఉంది," అని పెట్టేశాడు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మా ఇద్దరికీ అది నవ్వులాట కాదు. నేను తులసిమాల పట్టుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. గీత కదిలిందో లేదో తెలిసేది కాదు. మధ్యాహ్నం ఆయనకి ఉప్పు లేని కూర వండి, పళ్ళెం పెట్టి వచ్చేసరికి తెర నల్లబడి ఉంది. ఎవరూ ముట్టుకోకపోతే అది తనంతట తను నిద్రపోతుందట. లేపితే పచ్చగీతా లేదు, ప్లేయర్‌లో కథా లేదు. సగం ఎక్కినవి కూడా చదవడానికి రావడం లేదని మరిది తరవాత చెప్పాడు.

సోమవారం మా వారు రెండుంబావుకి లేచారు.

మంగళవారం మరిది ఫోన్‌లోనే వైద్యం మొదలుపెట్టాడు. ప్లేయర్‌తో వచ్చిన పొట్టి తీగ పీకి ఫోన్ ఛార్జరు తీగ పెట్టమన్నాడు. పెడితే బ్యాటరీ ఎక్కుతోంది గానీ, లాప్‌టాప్‌కి ప్లేయర్ ఉన్నట్టే తెలీలేదు. ఛార్జింగుకి తప్ప పనికిరాని తీగలు కూడా ఉంటాయట. పక్కింటివాళ్ళని అడిగి ఇంకో తీగ తెచ్చాను. కనపడింది, నడక మాత్రం అదే. కుడివైపు రంధ్రంలోంచి తీసి ఎడమవైపు పెట్టమన్నాడు. పెట్టాను. వైరస్‌లు వెతికేది ఏదో వెనకాల తిరుగుతోంది, దాన్ని ఆపమన్నాడు. అక్షరం అక్షరం చదివి వినిపిస్తే, ఎక్కడ నొక్కాలో చెప్పాడు. ఆపాను. ప్లేయర్‌ని పూర్తిగా తుడిచి కొత్తగా చెయ్యమన్నాడు. అదీ చేశాను. ప్రతిసారీ పది నిమిషాలు గీత చకచకా నడిచేది, నా గుండె నిమ్మళించేది. ఆ తరవాత కాళ్ళు లాగినట్టు ఆగిపోయేది.

"జబ్బు ఎక్కడుందో తేల్చాలి వదినా. డబ్బాలోదా, లాప్‌టాప్‌దా, ప్లేయర్‌దా? ముందు కథని డబ్బాలోంచి లాప్‌టాప్‌లోకి దింపు."

దింపడానికి చోటు లేదంది. చోటంతా మా అమ్మాయి పెళ్ళి వీడియోలే. బందరు ఫోన్ చేసి అమ్మాయిని అడిగాను.

"నా పెళ్ళి తీసెయ్యమ్మా. నాన్న కథ పెట్టు. పెళ్ళి నాకు గుర్తుందిలే," అంది.

అట్లాంటి పిల్లని కడుపున పడేసినందుకు ఆ కొండమీది తల్లికి ఎన్ని పొర్లుదణ్ణాలు పెట్టినా తీరదు.

కథ డబ్బాలోంచి లాప్‌టాప్‌లోకి రెండు నిమిషాల్లో దిగింది. లాప్‌టాప్‌లోంచి ప్లేయర్‌లోకి మాత్రం పాత కథే. అయితే జబ్బు ప్లేయర్‌దే, లేకపోతే ఆ రంధ్రాలది. తేలింది, అంతే. తేలితే తగ్గదు కదా. మాకు అది కొత్త సంగతేం కాదు. కిడ్నీలు పోయాయని కూడా తేల్చే చెప్పారు.

ఆ బుధవారం రెండు గంటలు.

గురువారం మరిదికి వీక్లీ ఆఫ్. పొద్దున టిఫిన్ల వేళకి వచ్చి, చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కకి తిప్పి, ఫోన్ లైటు వేసి రంధ్రాల్లోకి చూశాడు.

"వదినా! ఇదేంటి ఇక్కడ ఎర్రగా?"

దసరాకి నేను ఇంట్లో ఉన్న ప్రతి పనిముట్టుకీ బొట్టు పెడతాను. మా వాళ్ళు మగ్గానికి పెట్టేవాళ్ళు, ఇక్కడ మగ్గం లేదు గనక మిక్సీకి, కుట్టుమిషనుకి, లాప్‌టాప్‌కి. ముఖాన పెడితే తెర పాడవుతుందని మా అమ్మాయి ఒకసారి కోప్పడితే, అప్పట్నుంచీ పక్కన, ఎవరికీ కనపడని చోట, గంధం రాసి కుంకుమ అద్దుతున్నాను. ఆ కనపడని చోటే రెండు రంధ్రాలూనూ. గంధం ఎండి లోపల పెచ్చు కట్టి ఉంది.

"దొరికాడు దొంగ!" అని మరిది కేకపెట్టాడు. "అన్నయ్యా, చూశావా? మీ ఆవిడ దీనికి సారె పెట్టి మరీ నోరు కుట్టేసింది."

"మరి నోట్లో గంధం ఉంటే మాట్లాడుతుందా ఎవరైనా," అన్నారు మా వారు. ఆ వారంలో ఆయన నవ్వింది అదొక్కసారే.

పాత టూత్‌బ్రష్షుతో తోమి, ఊది, మళ్ళీ ఊది, తీగ తగిలించాడు. గీత పరిగెత్తింది. ముగ్గురం నిలబడి చూశాం. నేను అమ్మవారి పటం వైపు తిరిగి చేతులు జోడించాను. జోడించి ఇటు తిరిగేసరికి నెమ్మదించింది. ఒక్క కథకి ఆరు గంటలంది.

"కథ చెప్పడానికి నాలుగు గంటలు, కథ ఎక్కడానికి ఆరు గంటలా?" అన్నాడు మరిది. "దాసుగారు కొండపల్లి నుంచి నడిచొచ్చి చెప్పినా ఈపాటికి మంగళం పాడేసేవారు."

ఆరు గంటలైనా పట్టనిమ్మని వదిలేశాం. సగం దారిలో ప్లేయర్ తనంతట తను ఊడిపోయినట్టు చూపించింది. మళ్ళీ పెడితే మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు మరిది నుదురు రుద్దుకుని, "ప్లేయరే నాసిరకం. దీన్ని మార్చలేం. బరువు తగ్గించాలి," అన్నాడు. కేసెట్టులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం వల్ల ఒక్కో కథా కొండంత అయిందట. దాన్ని కుదించి చిన్నది చెయ్యొచ్చట. "ఇంకా ఏవైనా తీసేస్తే ఇంకా తేలికవుతుంది. మధ్యలో మైకు కూతలు, దాసుగారు మంచినీళ్ళు తాగడం, నాన్న చదివింపులు. ఎవరెవరు నూటపదహార్లు ఇచ్చారో ఇప్పుడెవడిక్కావాలి? కథ ఉంటే చాలుగా?"

మా వారు అప్పటికి మగతలో ఉన్నారు. నాకూ సబబే అనిపించింది. తెల్లారితే శుక్రవారం. ఆయనకి కావలసింది కథే కదా అనుకున్నాను. మరిది సాయంత్రం దాకా కూర్చుని, చెవులు పెట్టుకుని వింటూ, కథ కానిదంతా ఓపిగ్గా కోశాడు. అన్నగారి కోసం సెలవు రోజంతా అట్లా కూర్చున్న మనిషిని ఏమంటాం? కాఫీ ఇచ్చి, కాళ్ళు చాపుకోమని పీట జరిపాను. చీకటి పడేసరికి కథ ప్లేయర్‌లో ఉంది. ఎక్కడానికి పావుగంట కూడా పట్టలేదు.

శుక్రవారం పొద్దున మా వారు జేబు తట్టుకుంటూ ఆటో ఎక్కారు. సూదులు గుచ్చేటప్పుడు రోజూ మొహం పక్కకి తిప్పుకునేవారు, ఆ రోజు తిప్పుకోలేదు. చెవుల్లో తీగలు పెట్టాను. బొటనవేలితో బటన్ వెతుక్కుని నొక్కారు. కాసేపటికి దుప్పటి కింద పాదం తాళం వెయ్యడం చూసి బయటికి వచ్చేశాను. వరండాలో కూర్చుని, ఆ వారంలో మొదటిసారి, ఏమీ అడక్కుండా ఊరికే దణ్ణం పెట్టుకున్నాను.

రెండున్నర గంటలయ్యాక సిస్టరమ్మాయి తలుపు తీసింది. "అమ్మా, ఒకసారి రండి. బాబాయిగారు లేస్తానంటున్నారు."

నొప్పేమో అనుకుని పరిగెత్తాను. నొప్పేం కాదు. చెవుల్లోంచి తీగలు తీసేసి, లేచి కూర్చోవాలని చూస్తున్నారు.

"ఏమైందండీ?"

"మంగళం అయిపోయింది."

"ఇంకా గంటన్నర ఉందండీ."

"అయిపోయిందే. హారతి కూడా ఇచ్చేశారు. ఇంక పడుకోకూడదు."

కోసింది ఎంతో మాకు ముందు తోచలేదు. నాలుగు గంటల పైచిలుకు కథలో మామగారి గొంతు, మైకు కూతలు, మంచినీళ్ళు, జనం గోల పోగా మిగిలిన కథ రెండున్నర గంటలకి మంగళం పాడేసింది. ఆయన్ని పడుకోబెట్టింది కథ మాత్రమే కాదు, ఆ మధ్యలో ఖాళీలు కూడానని నాకు ఆ బెడ్ పక్కన నిలబడ్డాక తెలిసింది.

"పోనీ మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోండి."

"ఒకే పూట రెండుసార్లా? ఎక్కడైనా ఉందా అది?"

"బాబాయిగారూ, బుద్ధిగా పడుకోండి. నేను మంచి సినిమా పాటలు పెడతాను," అంది సిస్టరమ్మాయి.

"నువ్వు మంచిదానివే తల్లీ. సూదులు తీసెయ్యి." తరవాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగారు. "అవునూ, ఇవాళ నాన్న రాలేదేంటే?"

నేను కాగితం అందుకున్నాను. సంతకం పెట్టాను.

మరిదికి చెబితే ఫోన్‌లోనే తప్పు ఒప్పుకున్నాడు. "కుదిస్తే సరిపోయేది వదినా. కొయ్యక్కర్లేదు. కోసినందువల్ల తగ్గింది పెద్దగా ఏం లేదు," అన్నాడు. శనివారం రాత్రి డ్యూటీ చేసి, ఆదివారం నిద్ర కళ్ళతోనే వచ్చి, కథ మొత్తం, మైకు కూతలతో సహా, కుదించి ఎక్కించి ఇచ్చాడు. ఆ వేళ ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు.

సోమవారం ఆయన చెవుల్లో తీగలు పెట్టి నేను అక్కడే నిలబడ్డాను, వరండాలోకి పోలేదు. గంట గడిచింది. కళ్ళు మూసుకునే ఉన్నారు. పిక్క పట్టేసినట్టుంది, మొహం ముడుచుకున్నారు. పిక్క నిమురుదామని వంగాను. అప్పుడే ఆయన పెదాలు కదిలాయి. లోపల చదివింపులు వస్తున్నాయని అర్థమైంది. పేర్లు ఆయనా అంటున్నారు, మామగారితో పాటు. మా వీధిలో వాళ్ళవే, అందరూ పోయినవాళ్ళే. అవి అయిపోయాక తీగలు ఒక్కొక్కటీ తీసి, ప్లేయర్ ఆపి, నా చేతిలో పెట్టారు.

"నాన్న గొంతు వచ్చింది," అన్నారు.

"వచ్చిందా? కథ ఇంకా చాలా ఉందండీ. వినండి."

"వచ్చింది. చాలే."

"మంగళం పాడకుండా లేస్తారా?" అన్నాను. నా దగ్గరున్నది ఆ ఒక్క మాటే.

ఆయన నా వైపు చూశారు. మసక కళ్ళు, నా మొహం కనపడిందో లేదో తెలీదు. "ఓపిక లేదే," అన్నారు. అరవై ఏళ్ళు పైబడిన ఆ మనిషి పందిట్లోంచి మధ్యలో లేవడం నేను చూసింది అదే మొదలు.

ఆ తరవాత ప్లేయర్ జేబులో వేసుకోలేదు. గంటన్నర, గంటంబావు, అట్లా నడిచింది. పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి, మానేస్తే ఏమవుతుందో, ఎన్నాళ్ళలో అవుతుందో మెత్తగా చెప్పారు. మా అమ్మాయి బందరు నుంచి వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆయన దాని తల మీద చెయ్యి వేసి, "అన్నం తిన్నావా?" అన్నారు. మరిది ఇంకో ప్లేయర్ కొంటానన్నాడు, మంచిది, చకచకా ఎక్కేది. "కొనుక్కో. నువ్వు విందువుగాని," అన్నారు.

ఒక బుధవారం పొద్దున లేపితే, "ఇవాళ వద్దే," అన్నారు. కోపంగా అనలేదు, బాధగానూ అనలేదు. దోసెలు వద్దు అన్నట్టు అన్నారు. నేను మంచం పట్టె మీద కూర్చుని చాలా చెప్పాను. దేవుడి పేరూ చెప్పాను, పిల్ల పేరూ చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అన్నీ విన్నారు. లేవలేదు.

కాసేపటికి సెంటర్ నుంచి ఫోను. ఆ సిస్టరమ్మాయే.

"అమ్మా, బయల్దేరారా? బెడ్ రెడీగా ఉంది."

ఫోన్ చెవికి పెట్టుకునే మా వారి వైపు చూశాను. అటునుంచి అమ్మా, అమ్మా అంటోంది.

"రావడం లేదమ్మా," అన్నాను.

"ఇవాళేనా, లేక..."

"ఇంక రారమ్మా."

ఆ పిల్ల మెల్లిగా, "కంకిపాడు నుంచి ఒకాయన చాలా రోజులుగా ఖాళీ కోసం తిరుగుతున్నారమ్మా. చిన్నవయసు. ఆయనకి ఇవ్వమంటారా?" అంది.

"ఇవ్వండమ్మా. చల్లగా ఉండాలి."

ఫోన్ పెట్టేశాక మా వారు గోడ వైపు తిరిగి ఉండే అడిగారు. "ఎవరికో ఇస్తామన్నారా?"

"కంకిపాడు ఆయనటండీ. చిన్నవాడంట."

ఆయన దుప్పటి భుజాల దాకా లాక్కున్నారు. "నాది ఏసీ కింద బెడ్డు. మూడో గంటకి వణుకొస్తుంది. కొత్తవాడు తట్టుకోలేడు. దుప్పటి రెండోది కూడా తెచ్చుకోమని చెప్పమను," అన్నారు.

మళ్ళీ ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. చెప్తానండీ, అంది ఆ అమ్మాయి.